ఆస్ట్రేలియాలో తొలిదశ వైకల్య సేవలు: బాధ్యత బదిలీ

మాటలో, నడకలో, ఎదుగుదలలో వెనుకబడిన శిశువులకు బడి వయసుకు ముందే వాక్చికిత్స, ఫిజియోథెరపీ వంటి తోడ్పాటు అందించడమే తొలిదశ సేవ. ఆస్ట్రేలియాలో ఈ సేవల చరిత్రను స్థూలంగా మూడు దశలుగా గుర్తించవచ్చు.

మొదటి దశలో ఇవి ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. విక్టోరియాలో విద్యాశాఖ స్వచ్ఛంద సంస్థలకు నిధులిచ్చేది. కుటుంబాలు తమ వంతు కోసం వేచి ఉండేవి.

రెండవ దశలో నిధులు సంస్థకు కాక బిడ్డ పేరిట కేటాయించే పద్ధతి వచ్చింది. 2008లో ఆటిజం గల బాలలకు, 2011లో మరికొన్ని వైకల్యాలు గలవారికి సమాఖ్య ప్రభుత్వం ఒక్కొక్కరికి 12,000 డాలర్ల వరకు కేటాయించింది.

మూడవది జాతీయ వైకల్య బీమా పథకం. 2013లో చట్టం వచ్చింది. 2016 జూలై నుండి దేశవ్యాప్త అమలు మొదలైంది. రాష్ట్రాలు తమ సేవలను క్రమంగా ఉపసంహరించుకున్నాయి.

దీనితో సేవను ఎంచుకొనే హక్కు కుటుంబాలకు దక్కింది. అయితే పథకంలో చోటు దొరకని బిడ్డకు వెలుపల ఆధారం కొరవడింది. 2023 నాటి సమీక్షా నివేదిక ఈ లోటునే ఎత్తిచూపింది. 2025 ఆగస్టులో ప్రభుత్వం, అవసరాలు తక్కువగా ఉన్న చిన్నారుల కోసం పథకం వెలుపల ‘థ్రైవింగ్ కిడ్స్’ను ప్రకటించింది.

అంటే బాధ్యత మరొకసారి చేతులు మారుతున్నది. కొత్త ఏర్పాటు నిలదొక్కుకొనే వరకు పాతదానిని కొనసాగించకపోతే, ఆ వ్యవధిలో నష్టపోయేది బిడ్డ తొలి సంవత్సరాలే. అవి తిరిగి రావు.