నల్ల తుపాకిమందు రైఫిల్ గొట్టం: ఆకారం, బరువుల చరిత్ర

సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే నల్ల తుపాకిమందుతో పేలే రైఫిల్లో దాదాపు సగం బరువు గొట్టానిదే. కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటుంది. గొట్టం బరువైతే గురి కుదురుగా నిలుస్తుంది, పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. కానీ పొద్దస్తమానం దాన్ని మోయాలి. తుపాకీని మోసేది మనిషా, గుర్రమా, బండా అన్నదాన్ని బట్టి 18, 19 శతాబ్దాల్లో గొట్టం ఆకారం మారుతూ వచ్చింది.

జర్మన్ ప్రాంతాల వేటగాళ్లు వాడిన యేగర్ రైఫిల్ గొట్టం పొట్టిది, లావుది. సుమారు 30 అంగుళాలు ఉండేది. 18వ శతాబ్దం మొదట్లో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన పనివాళ్లు ఆ నమూనానే వెంట తీసుకెళ్లారు. అక్కడి అడవుల్లో రోజుల తరబడి కాలినడకన తిరిగే వేటగాడికి మందు, సీసం దొరకడం కష్టం. అందుకే గొట్టం రంధ్రం సన్నబడింది. ఒక పౌను సీసంతో 0.60 అంగుళాల గుండ్లు 21 వస్తే, 0.45 అంగుళాలవి 51 వస్తాయి. గొట్టం పొడవు మాత్రం 40 అంగుళాలు దాటింది. దాంతో గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం పెరిగి, చూపులో దొర్లే చిన్న తప్పు గుండు దారిని అంతగా తప్పించేది కాదు. లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్ వంటివారు చేసిన ఈ తుపాకులకే తరవాత కెంటకీ రైఫిల్ అన్న పేరు స్థిరపడింది.

ఆనాటి గొట్టాలకు ఎనిమిది పలకలు ఉండడానికి అసలు కారణం కొలిమిలో ఉంది. పొడవాటి ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ మడిచి, అంచులు అతుక్కునేలా సుత్తితో కొట్టేవారు. లోపల తొలిచి నునుపు చేశాక పై భాగాన్ని ఆకురాయితో రాకేవారు. ఆకురాయితో చదునైన పలకలు తీయడం తేలిక, నిండు గుండ్రన తేవడం కష్టం. గురి గుర్తులు బిగించడానికి పై పలక, చెకుముకి యంత్రం ఆనడానికి పక్క పలక అనుకూలంగా కుదిరేవి. సైన్యాల దారి వేరు. బయొనెట్ తొడగాలి, వేల సంఖ్యలో ఒకే కొలతకు రావాలి కాబట్టి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ వంటి సైనిక తుపాకులకు గుండ్రటి గొట్టాలే ఉండేవి.

పెన్సిల్వేనియా పనివాళ్ల నేర్పంతా నడుం సన్నగిల్లిన గొట్టంలో కనిపిస్తుంది. మందు పేలే మొదట్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ లావుగా ఉంచి, ముందుకు పోయేకొద్దీ సన్నబరిచి, మూతి దగ్గర మళ్లీ కొద్దిగా వెడల్పు చేసేవారు. బరువు చేతుల మధ్యకు జరిగి, అంత పొడవు తుపాకీ కూడా తేలిగ్గా లేచేది. పక్కనుంచి చూస్తే ఈ ఒంపు సరిగా కంటికి ఆనదు. చేత్తో తడిమితేనే తెలుస్తుంది. తరవాత యంత్రాలతో మొదటినుంచి చివరిదాకా ఒకే మందంతో తీసిన గొట్టాలు చవకగా వచ్చాయి. పనితనంలో మాత్రం అది వెనకడుగే.

సెయింట్ లూయీలో జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరులు 1820లలో చేసిన రైఫిళ్ల అవసరం వేరు. రాకీ పర్వతాలకు పోయే వేటగాడికి గుర్రం ఉంది, ఎదురయ్యేది ఎలుగుబంటి, అడవిదున్న. ఎక్కువ మందు కూరాలి, పెద్ద గుండు వెయ్యాలి. అందుకే 34 నుంచి 36 అంగుళాల మందపాటి ఎనిమిది పలకల గొట్టం, 0.50 అంగుళాలు దాటిన రంధ్రం వచ్చాయి. మొత్తం తుపాకీ 10 పౌన్లు, ఒక్కోసారి అంతకు పైనే తూగేది.

ఇక్కడ లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది. అంగుళం మందం, 36 అంగుళాల పొడవున్న ఎనిమిది పలకల ఉక్కు గొట్టానికి 0.50 రంధ్రం వేస్తే సుమారు 2.9 కిలోలు తూగుతుంది. రంధ్రాన్ని 0.32కు తగ్గిస్తే లోపల లోహం మిగిలిపోయి 3.5 కిలోలకు చేరుతుంది. చిన్న గుండు తుపాకీయే ఎక్కువ బరువన్నమాట! అదే 0.50 రంధ్రం ఉంచి బయటి మందాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గిస్తే రెండు కిలోలకు దిగుతుంది. పలకలు లేకుండా గుండ్రంగా తీస్తే తగ్గేది 200 గ్రాములే. అంటే ఆకారం కన్నా మందమే ముఖ్యం.

అడవిదున్నల వేట వ్యాపారమయ్యాక షార్ప్స్ రైఫిళ్లు 12 నుంచి 16 పౌన్ల దాకా పెరిగాయి. వాటిని బండి మోసేది, కాల్చేటప్పుడు కర్రల ఊత ఆనించేవారు. వరసగా పేలుస్తున్నప్పుడు మందపాటి గొట్టం త్వరగా వేడెక్కేది కాదు. పోటీల్లో మాత్రం నియమం బరువుకు కళ్లెం వేసింది. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లాండ్, అమెరికా జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో తలపడ్డాయి. తుపాకీ 10 పౌన్లు మించకూడదు. అమెరికా 934–931తో గెలిచింది. పరిమితిలోపే గొట్టం పొడవు తగ్గకుండా చూడడానికి మొదట్లో పలకలు, ముందు భాగం గుండ్రంగా సన్నబడే రకం పోటీదారులకు పనికొచ్చింది.

1886లో ఫ్రాన్స్ పొగలేని మందుతో లెబెల్ రైఫిల్ తెచ్చాక సైన్యాలు నల్లమందును వదిలేశాయి. అమెరికాలో 1933లో ఏర్పడిన మూతి నుంచి మందు కూరే రైఫిళ్ల జాతీయ సంఘం ఆ విద్యను మళ్లీ నిలబెట్టింది. ఇప్పుడు నడుం సన్నగిల్లిన గొట్టాలను కూడా యంత్రాల మీదే తీస్తున్నారు. బరువును బట్టి ఏ, బి, సి, డి అని తరగతులు పెట్టి అమ్ముతారు. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ గోడ మందం చాలినంత మిగిలేలా పై తరగతి గొట్టాన్ని ఎంచుకుంటారు.