మండెడు రాళ్లన్నియు గనులు కావు

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా వద్ద ఇంటి పునాదికి లోతుగా త్రవ్వినచో గ్రానైటు బండ తగులును. కరిగిన శిలాద్రవము భూగర్భములో చల్లారి గట్టిపడగా ఈ బండ ఏర్పడినది. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఇట్టి బండలో బొగ్గు గాని, నూనెనిచ్చు షేలు గాని దొరకదు. చెట్లు, నాచు మొదలగువాని అవశేషములు నీటి అడుగున బురదతో కలిసి పొరలుగా పేరుకొన్న చోటనే అవి పుట్టును. కావున నిజాము రాజ్యములో ఇంధనమును వెదకినవారు అట్టి పొరలు గల ప్రాణహిత–గోదావరి లోయకు పోవలసి వచ్చెను.

ఆ లోయ చాల పెద్దది. మొదట ఎక్కడ త్రవ్వవలెను?

1841లో డాక్టర్ వాకర్ ప్రాణహిత ఒడ్డునగల కోట గ్రామమువద్ద బొగ్గు కలదని ప్రకటించిరి. పిదప డాక్టర్ బెల్ అచ్చటి బోరుపనుల వివరములను 1852, 1853లలో లండన్ భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో ప్రచురించిరి. ఆ ప్రాంతములో సున్నపురాయి, తారువంటి పదార్థము గల షేలు, చేపల శిలాజములు కనబడినవి. గని వేయదగిన బొగ్గు మాత్రము దొరకలేదు.

మరి షేలునుండి నూనె తీయరాదా? నూనె షేలులో నూనె ద్రవరూపమున ఉండదు. కెరోజెన్ అను ఘనపదార్థముగా ఉండును. గాలి తగులకుండ సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచినప్పుడే అది విడిపోయి నూనె ఆవిరినిచ్చును. స్కాట్లండులో ఇట్టి పరిశ్రమ 1962 వరకు సాగినది.

అయితే రాయి మండినంత మాత్రమున చాలదు. టన్ను రాతికి ఎన్ని లీటర్ల నూనె వచ్చును? పొర మందమెంత? లోతెంత? ఎంత దూరము వ్యాపించినది? నీరు, రవాణా సౌకర్యములు కలవా? కాచిన పిమ్మట మిగిలిన రాతిపొడిని ఎక్కడ పోయవలెను? ఇన్ని ప్రశ్నలకు సమాధానములు చూచి ప్రాంతములను పోల్చిన తరువాతనే, ముందు ఏది, వెనుక ఏది అని నిర్ణయింపవలెను. ఒక్క ప్రశ్నకు మంచి జవాబు వచ్చినంతనే పని ఆరంభించినచో ధనము, శ్రమ వృథా యగును.

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించిరి. 1881లో లోయ అంతటి శిలల వరుసను ఒక గ్రంథములో వివరించిరి. ఆ వరుసలో కోట శిలలు పైనున్నవి. నేటి లెక్కలో వాని వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరములు. బొగ్గు పొరలు చాల క్రిందివి, దాదాపు 28 కోట్ల సంవత్సరముల నాటివి. అనగా కోటలో వెదకినది పైపొరలలోనే. ఇల్లందు ప్రాంతములో ఆ క్రింది పొరలే నేలకు చేరువగా వచ్చినవి.

అంతటితోనే గని తెరువబడలేదు. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1889లో రైలుమార్గము బెజవాడను చేరెను. నాణ్యత, లోతు, రవాణా మూడును కూడినప్పుడే సింగరేణి బొగ్గు దేశమునకు ఉపయోగపడినది.

కోట శిలలును నిష్ఫలము కాలేదు. ఆ శిలలలోనే దొరికిన కోటసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో నిలిపినారు. ఇంధనము కొరకు వెనుకబడిన ప్రాంతము జీవచరిత్రకు ముందు వరుసలో నిలిచినది.