మేనేజిమెంటు డాక్టరేట్లూ మనవాళ్ళూ: సిడెన్‌హామ్ నుంచి పంజగుట్ట దాకా

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగి పంజగుట్ట వైపు నడిస్తే చదువు ఎంత చిల్లర సరుకైపోయిందో కళ్ళకు కడుతుంది. ఒరాకిల్, శాప్, జావా, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ - అన్నిటికీ నెలల లెక్కన ఫీజు. గోడల మీద, మెట్ల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు. వాటి మధ్య పీహెచ్‌డీ గైడెన్స్ అనే కాగితం కూడా ఉంటుంది. జిల్లాల నుంచి ఎంబీఏ చేసి వచ్చిన మాల, మాదిగ పిల్లలు ఆ కాగితం ముందు ఆగడంలో ఆశ్చర్యం లేదు. యూనివర్సిటీ గేటు దగ్గర వాళ్ళకు సమాధానం చెప్పే మనిషి దొరకడు. అమీర్‌పేటలో మాత్రం ఎవడో ఒకడు కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

అసలు ఆ పిల్లలు అడగాల్సిన ప్రశ్న 'ఎంత ఫీజు' అన్నది కాదు. వ్యాపారం గురించిన విజ్ఞానంలో డాక్టరేటు అనే తలుపు మనకు ఎప్పుడు, ఎంత మేరకు తెరిచారు అన్నది. ఇది తెలియకుండా ఏ ప్రోగ్రాం ఎంచుకోవాలో తేల్చుకోవడం కష్టం.

మన వైపు నుంచి ఈ చరిత్ర బాబాసాహెబ్‌తోనే మొదలవుతుంది. అంబేడ్కర్‌ను మనం న్యాయశాస్త్రంలో, రాజ్యాంగంలో చూడటానికి అలవాటు పడ్డాం. ఆయన చేసిన రెండు డాక్టరేట్లూ డబ్బు గురించినవే అన్న సంగతి మన సభల్లో కూడా తక్కువగా వినబడుతుంది. 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియా వెళ్ళారు. అక్కడ చేసిన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద. అది 1925లో పుస్తకంగా వచ్చింది, 1927లో పీహెచ్‌డీ అందింది. లండన్‌లో చేసింది రూపాయి సమస్య మీద. మధ్యలో 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగమైతే ఇచ్చారు గానీ ఉండటానికి ఇల్లు ఇచ్చినవాడు లేడు. ప్యూన్లు ఫైళ్ళను దూరం నుంచి విసిరేవారు. బొంబాయి వచ్చి షేర్ల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహా ఇస్తున్నవాడు అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్ళు రావడం మానేశారు, సంస్థ మూతపడింది. మార్కెట్టుకు కులం తెలియదని చెప్పే మేనేజిమెంటు పాఠాల పక్కన ఈ ఒక్క ఉదంతం పెట్టి చూడండి.

1918లో సిడెన్‌హామ్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసరయ్యారు. అది 1913లో పెట్టిన కామర్సు కాలేజీ. అక్కడా అధ్యాపకుల కుండలో నీళ్ళు తాగవద్దని అభ్యంతరం పెట్టిన తోటి ప్రొఫెసర్లున్నారు. జీతంలో మిగుల్చుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ దగ్గర కొంత, స్నేహితుడు నవల్ భథేనా దగ్గర కొంత తీసుకుని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. 1922లో సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు తిప్పి పంపారు. బ్రిటిష్ ద్రవ్య విధానం మీద రాసింది వాళ్ళకు మింగుడు పడలేదు. సవరించి ఇస్తే 1923లో డీఎస్సీ వచ్చింది. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ఆయన గురువు ఎడ్విన్ కానన్, అందులోని కొన్ని వాదనలతో తనకు ఏకీభావం లేదని ఆ ముందుమాటలోనే రాశాడు. గైడు అంటే అలా ఉండాలి: విభేదిస్తాడు, అయినా దారికి అడ్డం పడడు. మన పిల్లలకు దొరకనిది సరిగ్గా ఇదే.

స్వాతంత్య్రం తర్వాత కథ మరో దారి పట్టింది. 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వచ్చింది. పంజగుట్టకు కూతవేటు దూరంలో, ఒకప్పటి బేరార్ రాకుమారుడి బెల్లా విస్టా భవనంలో అది నడుస్తోంది. 1961లో కలకత్తా, అహమదాబాదు ఐఐఎంలు వచ్చాయి. 1971లో ఆ రెండు చోట్లా ఫెలో ప్రోగ్రాం మొదలైంది. ఐఐఎంలు సొసైటీలు కాబట్టి డిగ్రీ ఇచ్చే అధికారం లేదు, కనుక అది పేరుకు పీహెచ్‌డీ కాదు. కానీ దేశంలోని పెద్ద బిజినెస్ స్కూళ్ళకు అధ్యాపకులను తయారు చేసింది ఆ ప్రోగ్రామే. అంటే మేనేజిమెంటు అంటే ఏమిటో, దాంట్లో ఏది ప్రశ్నో ఏది కాదో నిర్ణయించే మనుషులు అక్కడి నుంచి వచ్చారు. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల ప్రవేశ రిజర్వేషన్ చట్టం వచ్చాక కూడా ఆ తలుపు దగ్గర రిజర్వేషను ఆగిపోయింది. 2017 ఐఐఎం చట్టంతో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది, ఫెలో కాస్తా పీహెచ్‌డీ అయింది. అప్పుడూ అహమదాబాదులో రిజర్వేషను రాలేదు. పూర్వ విద్యార్థులు 2021లో గుజరాత్ హైకోర్టు మెట్లెక్కాక, 2025 నుంచి అమలు చేస్తామని ఆ సంస్థ 2024లో చెప్పింది. 1971 నుంచి 2025 అంటే యాభై నాలుగేళ్ళు! రెండు తరాల అధ్యాపకులు తయారై, ప్రొఫెసర్లై, రిటైరైపోయే కాలం. ఐఐఎంల అధ్యాపకుల్లో దళితులను వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి రావడానికి కారణం మెరిట్ అని ఇంకా ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

ఆనంద్ తేల్తుంబ్డే సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. అహమదాబాదు ఐఐఎంలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయంలో సైబర్నెటిక్స్ మీద పీహెచ్‌డీ చేసి, భారత్ పెట్రోలియంలో పెద్ద హోదాలో పనిచేసి, ఖరగ్‌పూర్ ఐఐటీలో, తర్వాత గోవాలో మేనేజిమెంటు బోధించారు. అంత వృత్తి చేసి కూడా కైర్లాంజి మీదా, కులం మీదా రాశారు. 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, అరెస్టయ్యారు. 2022 నవంబరు దాకా జైల్లో ఉన్నారు.

ఇక మన వీధికి వద్దాం. 1982లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదట పంజగుట్ట పక్కనే సోమాజిగూడలో ఉండేది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. 1984లో పుట్టిన ఇక్ఫాయ్ పంజగుట్ట నాగార్జున హిల్స్ చిరునామాతో ఫైనాన్సు చదువును పోస్టులో దేశమంతా పంపింది. ఆ తర్వాత ఎంబీఏ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించాక మన పిల్లలు వాటిలో పెద్ద సంఖ్యలో చేరారు. చదివినవాళ్ళలో కొందరు అవే కాలేజీల్లో తక్కువ జీతాలకు లెక్చరర్లయ్యారు. పైమెట్టు ఎక్కాలంటే పీహెచ్‌డీ కావాలన్నారు. ఇక్కడ పుట్టింది ఆ గోడ మీది కాగితానికి గిరాకీ.

ఈ గిరాకీ ఎంత దూరం పోతుందో ఛత్తీస్‌గఢ్ చూపించింది. 2002లో అక్కడ చట్టం చేసి, కొద్ది కాలంలోనే 112 ప్రైవేటు విశ్వవిద్యాలయాలు లేపారు. వాటిలో చాలావాటికి క్యాంపసే లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసు వేస్తే 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. దూరవిద్యలో పీహెచ్‌డీ చెల్లదని యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. అగ్రకులాల పిల్లవాడు ఇలాంటి చోట డబ్బు పోగొట్టుకుంటే మేనమామ కంపెనీలో సర్దుకుంటాడు. మన పిల్లవాడికి పోయేది తల్లి అమ్మిన గొడ్డు. ఇంకో మాట. అసిస్టెంటు ప్రొఫెసరు కావడానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదని, నెట్ లేదా సెట్ చాలని 2023 జూలైలో యూజీసీ తేల్చింది. ఉద్యోగం కోసమే తొందరపడి ఎక్కడో ఒకచోట చేరేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

ఎంపిక ఎలా జరుగుతుందన్నదీ చరిత్రే. 2016 నిబంధనల్లో రాత పరీక్షను కేవలం అర్హతగా పెట్టి, సీటు మొత్తం ఇంటర్వ్యూ మీద వదిలేశారు. ఇంటర్వ్యూ గదిలో కూర్చునేది ఎవరో, ఊరి పేరూ ఇంటి పేరూ అడిగేది ఎందుకో మనకు తెలుసు. విద్యార్థులు కొట్లాడాక 2018లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 చేశారు. 2024 జూన్ నుంచి నెట్ మార్కులనే పీహెచ్‌డీ ప్రవేశానికి తీసుకోవచ్చన్నారు, అక్కడా అదే 70, 30. కాబట్టి నెట్ మీద పెట్టిన కష్టం వృథా పోదు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. వయసు పరిమితి 30, మనకు ఐదేళ్ళ సడలింపు. ఎస్సీ విద్యార్థులకు 2005లో మొదలైన ప్రత్యేక ఫెలోషిప్ వేరేగా ఉంది. తెలంగాణ 2018 ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టంలో మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు పెట్టలేదు. పెద్ద బోర్డు చూసి మోసపోవద్దు.

చేరాక మిగిలేది గైడు, డబ్బు. ఈ రెండూ ఎంత ప్రాణాంతకమో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం చూసింది. సేలం నుంచి ఫిజిక్సులో పీహెచ్‌డీకి వచ్చిన సెంథిల్ కుమార్‌కు గైడును కేటాయించలేదు, ఫెలోషిప్ ఆగింది. 2008లో హాస్టల్లో చనిపోయాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బాకీ సంగతి రాయాల్సి వచ్చింది. అందుకే చేరకముందే అడగండి. ఈ ప్రొఫెసరు దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? నిబంధన ప్రకారం ప్రొఫెసరుకు 8, అసోసియేటుకు 6, అసిస్టెంటుకు 4 మించరాదు. ఆయన దగ్గర మనవాళ్ళు ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు? పాత విద్యార్థులను టీ కొట్టు దగ్గర కలిసి అడగండి, డిపార్ట్‌మెంటులో కాదు. ఆడపిల్లలకు ఆరేళ్ళ గడువు మీద మరో రెండేళ్ళు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. అవి దయతో ఇచ్చేవి కావు, 2022 నిబంధనల్లో రాసి ఉన్నాయి.

ఇక అంశం. మేనేజిమెంటు థీసిస్సుల్లో ఉద్యోగుల సంతృప్తి, వినియోగదారుల ధోరణి అంటూ పేర్లు మార్చి రాసేవే ఎక్కువ. 2007లో థోరట్, ఆట్‌వెల్ 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి, ఒకే అర్హత ఉన్నా దళిత పేరుకు పిలుపులు తగ్గుతాయని చూపించారు. 2012లో అజిత్, డాంకర్, సక్సేనా వెయ్యి కంపెనీల బోర్డుల్లోని 9,052 మంది డైరెక్టర్లను లెక్కపెడితే దాదాపు 93 శాతం అగ్రకులాల వాళ్ళే. ఎస్సీ, ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. ఈ పనులకు కావాల్సింది ఓపిక, గణాంకాలు, కులాన్ని ప్రశ్నగా పెట్టే ధైర్యం. గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అమీర్‌పేట నిజంగానే పనికొస్తుంది, థీసిస్ రాయించుకోవడానికి మాత్రం కాదు. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా కింద పది లక్షల నుంచి కోటి దాకా అప్పు అన్నారు. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు మొదలుపెట్టి కుటుంబానికి పది లక్షలన్నారు. ఆ డబ్బుతో కొన్న ట్రాక్టరు, కారు, డెయిరీ, సెంట్రింగు సామాను మూడేళ్ళ తర్వాత ఎవరి చేతిలో ఉన్నాయి, బ్యాంకు మేనేజరు ఎవరిని ఎన్నిసార్లు తిప్పాడు, సరుకు అమ్మిన షావుకారు ఏ ధర కట్టాడు - ఒక మండలం తీసుకుని, ఇంటింటికీ తిరిగి, బిల్లులు చూసి రాయగల థీసిస్ ఇది. ఆ ఇళ్ళలోకి వెళ్ళడానికి మన పిల్లలకు పరిచయపత్రం అవసరం లేదు.