గెట్టిస్‌బర్గ్ నేర్పిన పాఠము

శతవార్షికోత్సవము వచ్చినప్పుడు గడిచిన దినములను వేషములతో కన్నులకు కట్టినట్లు చూపవలెనను కోరిక సంఘములలో కలుగుట సహజము. అది మంచి కోరికయే. అయితే చనిపోయినవారి కథను ప్రదర్శించునప్పుడు ఎంతవరకు నిజముగా చూపవలెను, ఎక్కడ ఆగవలెను? ఈ ప్రశ్నను బహుకాలముగా ఎదుర్కొనుచున్న ఒక దేశపు అనుభవమును పాఠకుల ముందుంచుచున్నాము.

అమెరికాలో 1861 మొదలు 1865 వరకు ఉత్తర, దక్షిణ రాష్ట్రముల మధ్య అంతర్యుద్ధము జరిగినది. బానిసత్వమే దానికి మూలకారణము. 1863 జూలై 1 నుండి 3 వరకు పెన్సిల్వేనియాలోని గెట్టిస్‌బర్గ్ వద్ద జరిగిన పోరాటములో మృతులు, క్షతగాత్రులు, పట్టుబడినవారు, కనబడకపోయినవారు ఇరుపక్షముల కలిపి సుమారు 51,000 మంది.

యాబది సంవత్సరముల తరువాత, 1913లో, ఆ యుద్ధములో పాల్గొన్న వృద్ధ సైనికులు యాబది వేలకు పైగా అచ్చట కూడిరి. దక్షిణ పక్షమువారు తాము ఒకప్పుడు దాడిచేసిన రాతిగోడ వద్దకు మరల నడిచివెళ్లి, ఆవల నిలిచిన పూర్వపు శత్రువులతో కరచాలనము చేసిరి. ఒక్క తుపాకియు పేలలేదు.

1961 నాటికి ఆ సైనికులెవరును మిగులలేదు. ఆ జూలైలో వర్జీనియాలోని మనాసస్ వద్ద, నూరేండ్ల క్రిందట పోరు జరిగిన నేలమీదనే, వేషధారులు ఆ యుద్ధమును ప్రదర్శించిరి. వేలాది జనము చూడవచ్చిరి. మారణహోమమును తిరునాళ్లగా మార్చినారని పలువురు విమర్శించిరి. నేడు ఆ దేశపు జాతీయ ఉద్యానవనముల శాఖ తన అధీనములోని యుద్ధభూములలో ఎదురెదురు కాల్పులను, చచ్చినట్లు పడుటను నిషేధించినది. తుపాకి పేల్చు విధమును చూపుటకు మాత్రము అనుమతి గలదు. బూటకపు యుద్ధములు ఇతర పొలములలో జరుగుచున్నవి.

ఈ నిషేధము చాదస్తము కాదు. గెట్టిస్‌బర్గ్‌లో రైలుమార్గపు కోత వద్ద 1996లో ఒక సైనికుని ఎముకలు బయటపడినవి. ఏ పక్షమువాడో తెలియలేదు. 1997 జూలై 1న ఆయనను గౌరవముతో సమాధి చేసిరి. ఆ నేల క్రింద ఇంకెవరున్నారో ఎవరు చెప్పగలరు?

వేషధారుల శ్రద్ధ మెచ్చదగినది. మండు జూలైలో ఉన్ని దుస్తులు తొడిగి, ఆనాటి గట్టి రొట్టెలు తినెదరు. కాని ఆయుధముల విషయములో నిజమును కావలెననియే విడిచిపెట్టెదరు. తుపాకిలో మందు తప్ప గుండు వేయరు. మందు దట్టించు ఇనుప కడ్డీని కాల్పుల వరుసలో వాడరు, ఏలయనగా మరచి గొట్టములో విడిచినచో అది ఈటెవలె దూసుకొనిపోవును. దగ్గర నున్నవారి తలలకు పైగా గురిపెట్టెదరు. ఫిరంగి గొట్టములో నిప్పురవ్వ మిగులకుండ తడిగుడ్డతో తుడిచెదరు. ఇంత జాగ్రత్త యుండియు 1998లో గెట్టిస్‌బర్గ్ ప్రదర్శనలో ఒక పిస్తోలులో నిజమైన గుండు మిగిలియుండి, ఒకని మెడకు తగిలినది. అతడు బ్రతికెను.

గుండీలు సరిగా కుట్టినంత మాత్రమున చరిత్ర సత్యమగునా? యుద్ధమును చూపి బానిసల కథను దాచినచో అది సగము సత్యమే. మరియు పడినవాడు కొంతసేపటికి లేచి దుమ్ము దులుపుకొనును. జనము చప్పట్లు కొట్టును. నిజముగా పడినవాడు లేవలేదు. ఆ ఒక్కటి ఏ వేషమునకును అందదు.

రేపు మన యువజనులు 1876-78 నాటి గొప్ప కరువును రంగముమీద చూపదలచినచో ఈ పాఠము పనికివచ్చును. ఆనాటి బట్టలు, పనిముట్లు, మాటతీరు పెద్దలనడిగి శ్రద్ధగా చూపుదము. ఎవరికిని దెబ్బ తగులకుండ ముందే చూచుకొందము. సమాధులమీద ఆటలాడకుందము. మరణఘట్టము వచ్చినప్పుడు మాత్రము నటన ఆపి, తెలిసిన పేర్లు చదివి, మౌనముగా నిలిచెదము. గోడకిరువైపుల చేతులు కలిపిన ఆ వృద్ధులు చేసినదియు అంతకంటె ఎక్కువ కాదు.