మునసబు కోర్టు: న్యాయాధికారి అర్హతకు రెండు శతాబ్దాల కొలమానాలు

తెలుగు జిల్లాల్లోని సామాన్య రైతుకు, చిన్న వ్యాపారికి న్యాయస్థానమంటే చిరకాలం మునసబు కోర్టే. నేటి జూనియర్ సివిల్ జడ్జికి పూర్వరూపమైన జిల్లా మునసబు పదవి, మద్రాసు ప్రభుత్వం 1816లో చేసిన రెగ్యులేషన్ల ద్వారా, అంటే ఆనాటి శాసనాల ద్వారా, ఏర్పడింది. 1802లో నెలకొల్పిన జిల్లా అదాలతులలో దేశభాషలూ స్థానికాచారాలూ అంతగా తెలియని ఆంగ్లేయ న్యాయాధికారుల ముందు దావాలు పేరుకుపోగా, అంతకుముందు దత్తమండలానికి కలెక్టరుగా పనిచేసి పల్లెల వ్యవహారాన్ని దగ్గరగా చూసిన థామస్ మన్రో, చిన్న తగాదాల విచారణను స్వదేశీయులకే అప్పగించాలని పట్టుబట్టాడు. తత్ఫలితంగా గ్రామపెద్ద పది రూపాయల లోపు దావాలను విచారించే గ్రామ మునసబు కాగా, అతనికి పైన జిల్లా మునసబుకు 200 రూపాయల వరకు విచారణాధికారం లభించింది.

ఆ తొలినాళ్లలో మునసబుకు కావలసిన యోగ్యత లోకజ్ఞానమూ, ఊరిలో మంచిపేరూ మాత్రమే. వారసత్వం, దత్తత వంటి ధర్మశాస్త్ర విషయాలలో సలహా చెప్పడానికి పై న్యాయస్థానాలలో హిందువుల శాస్త్రానికి పండితులు, ముస్లిముల శాస్త్రానికి ముఫ్తీలు ఉండేవారు. 1859లో సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే దావా నడిపే పద్ధతిని నిర్ణయించే చట్టం, 1872లో సాక్ష్య చట్టం రాగా, నడుమ 1864లో పండిత, ముఫ్తీ పదవులు రద్దు కావడంతో, శాస్త్రాన్నీ చట్టాన్నీ స్వయంగా చదివి అన్వయించవలసిన భారం న్యాయాధికారిపైనే పడింది. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం మునసబు పరిమితిని 2,500 రూపాయలకు పెంచేనాటికి, న్యాయశాస్త్ర పరీక్షలూ పట్టాలూ ఈ వృత్తికి ప్రధాన ద్వారాలుగా మారాయి. అయితే అనుభవం పట్టాకు ముందే రావచ్చునని తమిళదేశానికి చెందిన టి. ముత్తుస్వామి అయ్యర్ జీవితం నిరూపించింది. గ్రామ లెక్కల పనితో జీవనం ప్రారంభించి, మునసబుగా, మేజిస్ట్రేటుగా పనిచేసిన ఆయన 1878లో మద్రాసు హైకోర్టు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు.

మునసబు అనుభవానికి అంత విలువ ఉండటానికి కారణం న్యాయవ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. ప్రోనోటు మీది సంతకం అసలుదా, కల్పితమా, పొలంగట్టు ఎవరి హద్దులోది, బోదె నీటిపై ఎవరికి హక్కు అనే వాస్తవాంశాలు మొదటి కోర్టులోనే సాక్షుల నోట వెలువడతాయి. సాక్షి తీరును గమనించి నమోదు చేయడానికీ, వివాదాస్పదమైన స్థలాన్ని స్వయంగా వెళ్లి చూడడానికీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ న్యాయాధికారికి అవకాశమిచ్చింది. రెండవ అప్పీలులో హైకోర్టు సాధారణంగా చట్టాంశాలనే పరిశీలిస్తుంది గనుక, వాస్తవాంశాల విషయంలో దిగువ కోర్టులు చేసిన పొరపాటు తరచుగా దిద్దుకోలేనిదై, కక్షిదారు కుటుంబాన్ని భూమికి దూరం చేసేది. అందువల్ల సాక్ష్యాన్ని తూచే నేర్పు చట్టపరిజ్ఞానానికి అలంకారం కాదు, దానికి ప్రాణమే.

జ్ఞానమూ అనుభవమూ ఉన్నా నీతి లోపిస్తే అవి వ్యర్థమన్న స్పృహ తెలుగు సమాజంలో త్వరగానే మేల్కొంది. రాజమహేంద్రవరానికి చెందిన సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో స్థాపించిన వివేకవర్ధని పత్రిక ఉద్యోగుల లంచగొండితనాన్ని ఎండగట్టగా, ఆయన వ్యవహార ధర్మబోధిని నాటకం వకీళ్ల అక్రమాలను ప్రజల ముందుంచింది. న్యాయాధికారి ప్రవర్తన ప్రజలు ప్రశ్నించదగిన విషయమేనన్న భావన బలపడటానికి ఇటువంటి రచనలు తోడ్పడ్డాయి.

న్యాయవాద వృత్తికీ ధర్మాసనానికీ మధ్యనున్న బంధం ఇరవయ్యవ శతాబ్దంలోనూ కొనసాగింది. రాజమహేంద్రవరంలో జన్మించిన కోకా సుబ్బారావు కొద్దికాలం బాపట్లలో మునసబుగా పనిచేసి తిరిగి న్యాయవాదవృత్తిలోకి వెళ్లి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఈ బంధం తప్పనిసరి కావాలా అన్న ప్రశ్న దేశమంతటా మళ్లీ మళ్లీ తలెత్తింది: ప్రారంభస్థాయి న్యాయాధికారి పదవికి మూడేళ్ల న్యాయవాద అనుభవం అవసరమని సుప్రీంకోర్టు 1993లో చెప్పి, 2002లో ఆ నిబంధనను తొలగించి, 2025 మే 20న తిరిగి విధించింది.

గ్రామపెద్ద లోకజ్ఞానాన్ని నమ్మిన 1816 నాటి ఏర్పాటులో చట్టజ్ఞానం కొరవడగా, పరీక్షలనే నమ్మిన తరువాతి ఏర్పాట్లలో లోకజ్ఞానం కొరవడే ప్రమాదం ఏర్పడింది. రెండింటినీ ఒకే వ్యక్తిలో సమకూర్చే శిక్షణకు సమాజం వెచ్చించే శ్రద్ధే మొదటి మెట్టు కోర్టులో సామాన్యుడికి దక్కే న్యాయాన్ని నిర్ణయిస్తుంది.