మర్యాద మాటున హింస: రావు గోపాలరావు వాచికంపై ఒక పరిశీలన

తెలుగు సినిమా ప్రతినాయకుల గురించి రాసినవాళ్లు రావు గోపాలరావు (1937–1994) దగ్గరికి వచ్చేసరికి ఆయన డైలాగు చెప్పే తీరును మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. ఆ మెచ్చుకోలులో తప్పు లేదు గాని, దానితో ఆయన చేసిన పని బోధపడదు. గోదావరి డెల్టాలో నలుగురూ నిత్యం వాడుకునే మర్యాద భాషను, ఆ మర్యాద కించిత్తు కూడా చెడకుండానే, హింసకు పనిముట్టుగా మలిచి చూపించిన నటుడాయన. కేక వేసే దుర్మార్గుణ్ణి చూసి జాగ్రత్త పడవచ్చు. చేతులు కట్టుకుని, కుశలం అడిగి, ఉదయపుటెండ అందాన్ని వర్ణించే దుర్మార్గుడి దగ్గర ఆ అవకాశం ఉండదు. అంతకుముందు మన తెర మీద అరుదుగా కనిపించిన ఈ రెండోరకం భయాన్ని తెలుగు ప్రేక్షకుడికి పరిచయం చేయడంలోనే ఆయన చారిత్రక ప్రాముఖ్యం ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఆయన కాకినాడ దగ్గరి గంగనపల్లిలో పుట్టారు. కాకినాడ నాటకరంగం అప్పటికే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ద్వారా ఎస్.వి. రంగారావు వంటివారిని తయారుచేసి ఉంది. రావు గోపాలరావుకు పేరు తెచ్చినది పద్యనాటకం కాదు, సాంఘిక నాటకం; రాజమండ్రి నాటకకర్త భమిడిపాటి రాధాకృష్ణ రాసిన ‘కీర్తిశేషులు’లో మురారి పాత్ర. ఈ తేడా చిన్నది కాదు. పద్యనాటక నటుడు రాగాన్ని సాధన చేస్తాడు. సాంఘిక నాటక నటుడు మాటకు ముందూ వెనకా ఉండే విరామాన్ని సాధన చేస్తాడు. రంగారావు ప్రోత్సాహంతో గుత్తా రామినీడు తీసిన ‘భక్త పోతన’ (1966) ద్వారా సినిమాకు వచ్చినా, ఆ విరామం విలువ తెలిసిన పాత్ర దొరకడానికి ఆయన దాదాపు పదేళ్లు ఆగవలసి వచ్చింది.

ఆ పాత్ర 1975లో వచ్చిన బాపు ‘ముత్యాల ముగ్గు’లోని కాంట్రాక్టరు. ఒక ఇల్లాలి పడకగదిలోకి పరాయి మగవాణ్ణి పంపి కాపురం కూల్చడం కూడా అతనికి వంతెనా కాలువా లాంటి పనే: బయానా, బట్వాడా, నికర లాభం. జమీందారూ రాజూ కాకుండా కాంట్రాక్టరు విలన్ కావడం యాదృచ్ఛికం కాదు. ధవళేశ్వరంలో కాటన్ కాలం నాటి ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ లేస్తున్న సంవత్సరాలవి. ప్రభుత్వపు పనుల మీద డబ్బు చేసుకున్న కొత్త పెద్దమనిషి డెల్టా ఊళ్లకు అప్పటికే పరిచితుడు. అతనికి డబ్బు వచ్చింది, పెద్దరికం ఇంకా కావాలి, అందుకే కళాపోషణ. వెంట భజంత్రీలను తిప్పుకుంటాడు, సెక్రటరీని ‘సెగట్రీ’ అని పిలుస్తాడు. తెల్లవారుజామున ఎర్రబారిన తూర్పును చూసి ఆకాశంలో హత్య జరిగినట్టుందని మురిసిపోయే ఘట్టంలో రావు గోపాలరావు ఏం చేశారో నిదానంగా చూడాలి. గొంతు పెంచరు. కనుబొమలు ఎగరేయరు. నిజంగానే అందానికి పరవశించిన మనిషిలా మాటను సాగదీసి, వాక్యం చివర తేలిగ్గా వదిలేస్తారు. ఆ పరవశం నటన కాదని మనకు తెలుస్తుంది, భయం వేసేది అందుకే. అతనిలో కళాభిమానమూ క్రూరత్వమూ రెండూ అసలువే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది: ఇదంతా ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ కలం బలం కాదా అని. కలం లేకపోతే ఆ పాత్ర లేదన్నది నిజం. కాని ఇదే బాపు, ఇదే రమణ 1967లో పులిదిండిలో తీసిన ‘సాక్షి’లో హంతకుడిగా వేసింది జగ్గారావు. అక్కడి భయం కండబలానిది, ఊరిని హడలగొట్టే రౌడీతనానిది. దర్శకుడూ రచయితా గోదావరీ మారకపోయినా 1975 నాటికి హింస కండలోంచి నాలుక మీదికి రావడానికి దాన్ని మోయగల నటుడు దొరకడం ఒక ముఖ్య కారణమని భావించవచ్చు. పైగా ఇతర రచయితల చిత్రాల్లోనూ ఆయన ఈ నిదానాన్నే పెట్టుబడిగా వాడుకున్నారు.

నాగభూషణం ముందే ఉన్నారు కదా అన్నది రెండో అభ్యంతరం. ‘రక్తకన్నీరు’ నాటకంతో ఆంధ్రదేశమంతా తిరిగిన ఆ మహానటుడిది వెటకారం. వెటకారం అవతలివాడికి తగులుతుంది, తగలాలనే అంటారు. రావు గోపాలరావు మర్యాదలో ఆ సూది ఉండదు. అవతలివాడు గౌరవం అందిందనుకునే వెళ్తాడు.

ఇక అన్నిటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న: ఒక ప్రాంతపు మాటతీరును దుర్మార్గుడి నోట పెట్టడం ఆ ప్రాంతాన్ని చిన్నబుచ్చడం కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మంత్రి కాశయ్యను అద్భుతంగా పోషించారు. అయినా కోస్తా భాషే ప్రమాణంగా నడిచే తెర మీద ఆ యాస దుష్టుడికీ హాస్యగాడికీ గుర్తుగా స్థిరపడడం వల్ల జరిగిన అవమానాన్ని తెలంగాణ రచయితలు గట్టిగానే ఎత్తిచూపారు, వారి మాట న్యాయం. ‘ముత్యాల ముగ్గు’ పరిస్థితి వేరు. అక్కడ మంచివాళ్లదీ డెల్టా భాషే, చెడ్డవాడిదీ అదే. యాస దుర్మార్గానికి గుర్తుగా నిలవలేదు. మంచితనానికి హామీగానూ నిలవలేదు. నా దృష్టిలో ఇది ఆ ప్రాంతానికి అవమానం కాదు, ఆ ప్రాంతం తన పెద్దరికాన్ని తానే పరీక్షకు పెట్టుకోవడం.

ఆయన వారసత్వం సగమే అందిందని కూడా చెప్పాలి. ‘ముత్యాల ముగ్గు’ సంభాషణలు గ్రామఫోను రికార్డుగా వచ్చి, పాటలతో సమానంగా వినిపించాయి. జనం ఆయన్ను చూసినదానికన్నా విన్నదే ఎక్కువ. రికార్డులో మాట ఉంటుంది. ఆ మాట వెనకాల కదలని ముఖం ఉండదు. తర్వాతి సినిమాలు అందుకున్నది ఈ వినికిడి సగాన్నే అనిపిస్తుంది. ‘వేటగాడు’ (1979)లో జంధ్యాల రాసిన ప్రాసల సంభాషణలు సత్యనారాయణతో కలిసి ఆయన చెబుతుంటే హాలు దద్దరిల్లింది, కాని అక్కడ ప్రాస పాత్రను మింగేసింది. 1986 నుంచి 1992 వరకు రాజ్యసభ సభ్యుడిగా ఉన్న కాలంలోనూ, 1994 ఆగస్టు 13న కన్నుమూసేదాకానూ, పరిశ్రమ ఆయన నుంచి ఎక్కువగా అడిగింది ఆ చప్పుడునే. మిగతా సగం ఆయన కుమారుడు రావు రమేష్ దగ్గర కనిపిస్తుంది. ‘అ ఆ’ (2016)లో పల్లం వెంకన్నగా ఆయన ఎదుటివాణ్ణి ఆప్యాయంగా పలకరిస్తూనే లెక్క కట్టే తీరులో కాంట్రాక్టరు నిదానం ఉంది. ఆ పాత్రకు ప్రాసలు లేవు, వెంట భజంత్రీలు లేరు.