ఇంగ్లిషు రాతలో మన తప్పులు: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- తెలంగాణ పల్లెల్లోకి ఇంగ్లిషు ఏ దారిన, ఎంత ఆలస్యంగా వచ్చిందో వివరించగలుగుతారు.
- మనం తరచుగా చేసే ఇంగ్లిషు వ్యాకరణ దోషాలకు తెలుగు, ఉర్దూ వాక్యనిర్మాణంతో ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- మీ రాతలోని దోషాలను మీరే పట్టుకుని సరిదిద్దుకోగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మోత్కూర్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాత 1940లలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. తండ్రి 1970లలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి పాసయ్యారు. మనవరాలు ఇంగ్లిషు మాధ్యమంలో చదువుతోంది. ముగ్గురూ ఇంట్లో మాట్లాడేది ఒకే తెలుగు. కానీ బడి మాత్రం ముగ్గురికీ మూడు భాషల్లో పాఠం చెప్పింది. ఉద్యోగం కోసం ఇంగ్లిషులో దరఖాస్తు రాయవలసి వచ్చినప్పుడు ముగ్గురూ దాదాపు అవే తప్పులు చేస్తారు. 'పదేళ్ల నుంచి మోత్కూర్‌లో ఉంటున్నాను' అనడానికి ముగ్గురి కలం నుంచీ వచ్చే వాక్యం ఇదే: ఐ యామ్ లివింగ్ ఇన్ మోత్కూర్ సిన్స్ టెన్ ఇయర్స్.

ఇది తప్పు వాక్యం. బడి భాష రెండుసార్లు మారినా ఈ తప్పు ఎందుకు మారలేదు? దీన్ని తెలివితక్కువతనమనో, పల్లెటూరితనమనో కొట్టిపారేస్తే జవాబు దొరకదు. ఆ జవాబు కొంత మన ప్రాంత చరిత్రలో, కొంత మన భాషల వ్యాకరణంలో ఉంది.

2. నిజాం రాష్ట్రంలో చదువు భాషలు

ఇవాళ మోత్కూర్ యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగేవరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. 1948 వరకు ఆ జిల్లా హైదరాబాద్ సంస్థానంలో భాగం. ఈ ఒక్క విషయం ఇక్కడి ఇంగ్లిషు చరిత్రను కోస్తా జిల్లాల చరిత్ర నుంచి వేరు చేసింది.

కోస్తా జిల్లాలు ఈస్టిండియా కంపెనీ పాలనలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. 1835లో మెకాలే ఇంగ్లిషు విద్యకు అనుకూలంగా తన నివేదిక రాశాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. కోర్టు గుమాస్తా నుంచి బడిపంతులు దాకా అక్కడ ఎదగదలచిన ప్రతివారికీ ఇంగ్లిషు అవసరమైంది.

హైదరాబాద్ సంస్థానంలో మొదట పారశీకం, 1880ల నుంచి ఉర్దూ పాలనాభాషలుగా ఉన్నాయి. రాజధానిలో 1887లో ఏర్పడిన నిజాం కళాశాల వంటి కొద్ది సంస్థలలో ఇంగ్లిషు చదువు ఉండేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక పెద్ద ప్రయోగం చేసింది. ఉన్నతవిద్యను ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, బోధించింది. అందుకోసం అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఇంగ్లిషు తప్పనిసరి పాఠ్యాంశంగా మాత్రం కొనసాగింది.

ఈ ప్రయోగం గొప్పదే. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇంటిభాష ఉర్దూ కాదు, తెలుగు. అక్కడి పిల్లవాడు ముందు ఉర్దూ నేర్చుకుని, ఆ ఉర్దూ ద్వారా ఇంగ్లిషు నేర్చుకోవాలి. అంటే ఇంగ్లిషు అతనికి మూడో మెట్టు. తెలుగుకు చోటు కావాలని 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ వచ్చాయి.

3. 1948 తరువాత: ఇంగ్లిషు బతుకుతెరువైన వేళ

1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. కొద్దికాలంలోనే ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. కార్యాలయాలలోనూ ఇంగ్లిషు ప్రవేశించింది. నిన్నటిదాకా ఉర్దూలో చక్కగా ఫైలు నడిపిన ఉద్యోగి ఒక్కసారిగా 'చదువురానివాడు' అయ్యాడు. ఇంగ్లిషు వచ్చినవారు కావాలన్న కారణం చూపి మద్రాసు రాష్ట్రం నుంచి గుమాస్తాలను, ఉపాధ్యాయులను తెచ్చారు. స్థానికులకు ఉద్యోగాలు కేటాయించే ముల్కీ నిబంధనలను ఉల్లంఘిస్తున్నారన్న కోపం పెరిగింది. 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాద్‌కు పాకింది. సెప్టెంబర్ తొలివారంలో జరిగిన పోలీసు కాల్పుల్లో పలువురు మరణించారు.

ఆ ఆందోళనకు కారణాలు అనేకం. వాటిలో భాష ఒకటి. విద్యలో వెనుకబడిన తెలంగాణ ప్రజలకు కోస్తావారు తమను ముంచేస్తారన్న భయం ఉందని 1955లో ఫజల్ అలీ కమిషన్ కూడా నమోదు చేసింది. ఇంగ్లిషు వాక్యం తప్పులేకుండా రాయగలగడం ఇక్కడ పాండిత్యానికి సంబంధించిన విషయంగా ఎన్నడూ లేదు. అది ఉద్యోగానికి, గౌరవానికి సంబంధించిన విషయం. ఇంగ్లిషులో నోరు తెరవడానికి మన విద్యార్థి నేటికీ పడే సంకోచానికి ఇంత చరిత్ర ఉంది.

ఆ తరువాత తెలుగు మాధ్యమం బలపడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడి, కాలేజీకి వెళ్లలేని వారికి డిగ్రీ చదువును అందుబాటులోకి తెచ్చింది. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టారు. మోత్కూర్ తాత నుంచి మనవరాలి దాకా సాగిన దారి ఇదే.

4. తప్పులను చూసే చూపు ఎలా మారింది

పాలకులు మన ఇంగ్లిషు తప్పులను చాలాకాలం కింద నుంచే లెక్కపెట్టారు. 1907లో జి.సి. విట్‌వర్త్ భారతీయులు రాసే ఇంగ్లిషులోని దోషాలపైనే ఒక పుస్తకం ప్రచురించాడు. 19వ శతాబ్దం చివర నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, 1930లలో రెన్, మార్టిన్‌ల వ్యాకరణం మన బడుల్లోకి వచ్చాయి. ఇవి ఏది ఒప్పో, ఏది తప్పో చెప్పాయి. తెలుగు పిల్లవాడు ఆ తప్పే ఎందుకు చేస్తాడో చెప్పలేదు.

ఆ 'ఎందుకు' అన్న ప్రశ్న 1950లలో బలం పుంజుకుంది. మాతృభాషను, నేర్చుకునే భాషను పక్కపక్కన పెట్టి పోల్చాలని 1957లో రాబర్ట్ లాడో ప్రతిపాదించాడు. 1967లో పిట్ కార్డర్ మరో అడుగు వేసి, విద్యార్థి తప్పు అతని మనసులో నడుస్తున్న నియమానికి సాక్ష్యమని వాదించాడు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాద్‌లోనే కేంద్ర ఇంగ్లిషు సంస్థ ఏర్పడింది. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం దాని నుంచే ఎదిగింది.

మన ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చినవాడు ఎమెనో. వేర్వేరు కుటుంబాలకు చెందిన భారతీయ భాషలు వేల ఏళ్ల సహవాసంలో ఒకే తరహా వ్యాకరణ లక్షణాలను పెంచుకున్నాయని 1956లో ఆయన చూపించాడు. తెలుగు ద్రావిడ భాష, ఉర్దూ ఇండో-ఆర్య భాష. పుట్టుకలో సంబంధం లేకపోయినా వాక్యం కట్టే తీరులో అవి ఇరుగుపొరుగులు. తాత తెలుగు నుంచి ఉర్దూలోకి వెళ్లినప్పుడు చాలాచోట్ల మాట మారింది గాని వాక్యపు నడక మారలేదు. ఆ నడక మారవలసింది ఇంగ్లిషులో.

5. ఐదు తప్పులు, వాటి మూలాలు

(అ) సిన్స్, ఫర్. తెలుగులో '2016 నుంచి' అంటాం, 'పదేళ్ల నుంచి' అనీ అంటాం. ఉర్దూలో రెండింటికీ 'సే' ఒక్కటే. ఇంగ్లిషు మాత్రం మొదలైన క్షణానికి 'సిన్స్', గడిచిన కాలపరిమాణానికి 'ఫర్' వాడుతుంది. పైగా 'ఉంటున్నాను' అన్న మన క్రియ ఇప్పటి పనికీ, పదేళ్లుగా సాగుతున్న పనికీ సరిపోతుంది. ఇంగ్లిషుకు రెండు రూపాలు కావాలి.
ఒప్పు: ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ మోత్కూర్ ఫర్ టెన్ ఇయర్స్.
గుర్తు: అంకె తరువాత రోజులు, నెలలు, ఏళ్లు అన్న లెక్క వస్తే 'ఫర్'. తేదీగాని, సంవత్సరం పేరుగాని వస్తే 'సిన్స్'.

(ఆ) హావ్. 'నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు' అంటాం. ఇంగ్లిషు 'హావ్'కు సరిసమానమైన క్రియ తెలుగులో లేదు, ఉర్దూలోనూ లేదు. రెండు భాషలూ 'ఉండు' అన్న అర్థమిచ్చే క్రియతోనే పని నడుపుకుంటాయి. ఆ 'ఉన్నారు' అన్న మాటే 'చేస్తున్నారు'లో కూడా కలిసి ఉంది. అందువల్ల కాబోలు, 'ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్' అన్న వాక్యం మన చెవికి సహజంగా తోస్తుంది.
ఒప్పు: ఐ హావ్ టూ బ్రదర్స్.
గుర్తు: కలిగి ఉండటం, తెలిసి ఉండటం, ఇష్టపడటం పనులు కావు, స్థితులు. ఈ అర్థాలలో క్రియకు సాధారణంగా 'ఇంగ్' చేర్చకూడదు.

(ఇ) ఎ, ద. తెలుగులో, ఉర్దూలో ఆర్టికల్స్ లేవు. 'ఆయన టీచర్' అన్న వాక్యంలో మనకు ఏ లోటూ కనిపించదు. ఇంగ్లిషులో 'హి ఈజ్ టీచర్' అసంపూర్ణం.
ఒప్పు: హి ఈజ్ ఎ టీచర్.
గుర్తు: కథ చెబుతున్నట్టు అనుకోండి. మొదట 'ఒక అబ్బాయి వచ్చాడు' అంటాం, తరువాత 'ఆ అబ్బాయి' అంటాం. 'ఒక' తగిలేచోట 'ఎ', 'ఆ' తగిలేచోట 'ద' చాలావరకు సరిపోతాయి. వృత్తి పేర్ల ముందు మాత్రం తెలుగులో 'ఒక' లేకపోయినా ఇంగ్లిషులో 'ఎ' రాయాలి.

(ఈ) మనం 'అని' అనే చోట. 'ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు' అన్నప్పుడు అడిగినవాడి మాటను ఉన్నదున్నట్టు నిలబెడతాం. ఉర్దూ 'కి' కూడా ఇదే పని చేస్తుంది. ఆ అలవాటుతో 'హి ఆస్క్డ్ మి వేర్ ఆర్ యు గోయింగ్' అని రాస్తాం.
ఒప్పు: హి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్.
గుర్తు: ఇతరుల ప్రశ్నను మన వాక్యంలో కలిపితే అది ఇక ప్రశ్న కాదు. కర్త ముందు, క్రియ తరువాత రావాలి.

(ఉ) విభక్తి వెంటపడటం. 'సమస్య గురించి చర్చించారు' అన్న వాక్యంలోని 'గురించి'ని 'డిస్కస్డ్ అబౌట్'గా, 'గదిలోకి ప్రవేశించాడు' అన్న వాక్యంలోని 'లోకి'ని 'ఎంటర్డ్ ఇంటు'గా మారుస్తాం.
ఒప్పు: దే డిస్కస్డ్ ద ప్రాబ్లమ్. హి ఎంటర్డ్ ద రూమ్.
గుర్తు: ఈ క్రియలలో 'గురించి', 'లోకి' అన్న అర్థాలు ముందే ఇమిడి ఉన్నాయి. క్రియను ఒంటరిగా కాక, దాని వెంట వచ్చే మాటతో కలిపి నేర్చుకోవాలి.

6. ప్రతి తేడా తప్పు కాదు

ఒక జాగ్రత్త అవసరం. 'ప్రీపోన్' అన్న మాట మన దేశంలోనే వాడుకలో పాతుకుపోయింది. నేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులలోనూ ఉంది. భారతీయ ఇంగ్లిషు తనదైన ఒక రూపమని బ్రజ్ కచ్రూ వంటి భాషావేత్తలు వాదించారు. కాబట్టి మన నోటి నుంచి వచ్చే ప్రతి కొత్త మాటకూ సిగ్గుపడనవసరం లేదు. కానీ పరీక్షలో, దరఖాస్తులో, ఇంటర్వ్యూలో పైన చెప్పిన ఐదు దోషాలకూ మార్కులు పోతాయి, కొన్నిసార్లు అవకాశమే పోతుంది. ఎక్కడ ఏది చెల్లుతుందో తెలిసి ఉండటమే విద్య.

7. దిద్దుకునే పద్ధతి

మొదట, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు మీ తప్పు వాక్యం, కుడివైపు ఒప్పు వాక్యం, కింద ఆ తప్పుకు దారితీసిన తెలుగు వాక్యం రాయండి. మూడో గడి ముఖ్యం. తప్పు మీది కాదు, తెలుగు నియమానిదని అక్కడ తేలుతుంది. అది తేలగానే భయం తగ్గుతుంది.

రెండవది, రాసిన ఉత్తరాన్ని ఒకేసారి అన్ని తప్పుల కోసం వెతకవద్దు. ఒకసారి క్రియల కోసమే, మరోసారి ఆర్టికల్స్ కోసమే చదవండి.

మూడవది, ఒప్పు వాక్యాన్ని పైకి చదవండి. మన తరాలు ఇంగ్లిషును ఎక్కువగా పుస్తకంలో చూశాయి, తక్కువగా విన్నాయి. చెవికి అలవాటు పడిన వాక్యం చేతికి త్వరగా వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కింది వాక్యాలను సరిచేసి, ప్రతి తప్పు వెనుక ఉన్న తెలుగు వాక్యాన్ని రాయండి.
1. షి ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ మంత్స్.
2. మై ఫాదర్ ఈజ్ ఫార్మర్.
3. వి డిస్కస్డ్ అబౌట్ ద రెయిన్స్.

జవాబులు: 1. షి హాజ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ మంత్స్. 2. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. 3. వి డిస్కస్డ్ ద రెయిన్స్.

సారాంశం

నల్లగొండ ప్రాంతంలో ఇంగ్లిషు ఆలస్యంగా వచ్చింది. ఉర్దూ వెనుక నిలిచి వచ్చింది. 1948 తరువాత ఒక్కసారిగా ఉద్యోగానికి షరతుగా మారింది. బడి భాష రెండుసార్లు మారినా మన తప్పులు మారలేదు. ఎందుకంటే అవి బడి నుంచి వచ్చినవి కావు. తెలుగు, ఉర్దూ రెండూ పంచుకున్న వాక్యనిర్మాణం నుంచి వచ్చినవి. మన వ్యాకరణం తెలిసినవారికి ఈ దోషాలను దాటడం సులభం. ఇంగ్లిషు బాగా రాయడానికి తెలుగును మరచిపోనక్కరలేదు, దాన్ని మరింత శ్రద్ధగా గమనిస్తే చాలు.

నమూనా ప్రశ్నలు

1. హైదరాబాద్ సంస్థానంలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇంగ్లిషు విద్య సాగిన తీరును పోల్చండి.
2. 1952 ముల్కీ ఆందోళనలో భాష పాత్రను వివరించండి.
3. మీరు తరచుగా చేసే రెండు ఇంగ్లిషు దోషాలను తీసుకుని, వాటి తెలుగు మూలాలను చర్చించండి.